ఎనిమిది అంకె మీద పెట్టిన కాలు

మంగళవారం, చిక్కడపల్లి

ఇవాళ లైసెన్సు పరీక్షలో ఫెయిలయ్యాను. నలభై ఏళ్లు స్కూటరు నడిపినవాణ్ని.

నా భార్య సత్తెమ్మ మంచాన పడ్డప్పుడు లైసెన్సు గడువు దాటిపోయింది. ఆమె పోయాక లైసెన్సు ఆఫీసులో అడిగితే మళ్లీ మొదటినుంచి పరీక్షలన్నారు. కంప్యూటరు పరీక్ష అక్షరాలు కూడబలుక్కుని గట్టెక్కాను. ఇవాళ నేల మీద గీసిన ఎనిమిది అంకె వెంట, కాలు కింద పెట్టకుండా బండి తిప్పాలి. మొదటి మలుపులోనే ఎడమ కాలు నేలకు ఆనింది.

"కాలు పెట్టినవ్ పెద్దాయనా, ఇగ దిగు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అలవాటు సారూ."

"గీ అలవాటుతోని ఇన్నేండ్లు ఎట్ల నడిపినవ్?"

బండి దిగి స్టాండు వేశాను. సత్తెమ్మ వెనక ఒక పక్కకు కూర్చునేది. నారాయణగూడ చౌరస్తా మలుపు రాగానే భయంతో చొక్కా పట్టుకుని, "జర కాలు కింద పెట్టు, నాకు బుగులైతది" అనేది. ప్రతి మలుపులో పెట్టేవాణ్ని.

ఫెయిలైతే బండి ఇచ్చేస్తానని కోడలికి నేనే మాటిచ్చాను. "ఇంకోసారి పోవచ్చు గద మామా" అంది. తాళం ఆమె చేతిలో పెట్టాను. మాటంటే మాటే.

వెనక ఎవరూ లేరని నాకు తెలుసు. ఈ కాలికి ఎప్పుడు తెలుస్తుందో.