నేను అడిగినవన్నీ

చెల్లీ,

మా అమ్మాయి భాషాశాస్త్రం చదువుతోంది కదా. మనం అనే ప్రతి మాటా ఏదో ఒక పని చేస్తుందట: కబురు చెప్పడం, అడగడం, ఇస్తాననడం, పురమాయించడం. ఒక రోజంతా నా మాటలు రాసిపెట్టమంది. నా సంగతి తెలుసుగా, నాలుగు గళ్లు గీసి, తేదీ వేసి మరీ రాశాను. సాయంత్రానికి అడగడం గడిలో ముప్ఫై ఎనిమిది మాటలున్నాయి. ఈ ఇంట్లో నా అంత నెమ్మదస్తురాలు లేదని పొంగిపోయాను.

అది చూసి అమ్మాయి, "అమ్మా, 'ఆ ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది?' అన్నావు. నాన్న కోసమని చెబితే ఊరుకునేదానివా?" అంది. ముప్ఫై ఆరింటిని పురమాయింపు గడిలోకి మార్చేసింది. మీ బావగారు పక్కనే కూర్చుని సంతోషంగా సాయం చేశారు.

అప్పుడు నీ కుట్టు షాపు తెరిచిన రోజు గుర్తొచ్చింది. "ఇంత సందులోకి ఎవరొస్తారే?" అన్నాను, అందరి ముందూ. నువ్వు నాతో మాట్లాడక రెండు నెలలైంది. ఊరికే అడిగానని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. అడగలేదమ్మా, నిన్ను నీరుగార్చాను. తప్పు నాదే.

ఆదివారం నీ షాపుకి రావచ్చా? వద్దంటే మానేస్తాను. ఎందుకని అడగను.

నీ అక్క