మా ఆయనకు చెట్టెక్కే అనుమతి ఇవ్వవద్దని

టానర్స్ కోవ్ పట్టణ పనుల పర్యవేక్షకులు శ్రీ రీగన్ నౌస్ గారి సముఖమునకు,

సదరు పట్టణం, ఓల్డ్ మిల్ రోడ్డు కాపురస్తురాలు మార్లీన్ వీనాట్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: 'వీనాట్ చెట్ల పనివారు' అను మా సంస్థకు ఈ ఏటి అనుమతి ఇచ్చునపుడు, నా భర్త ఎల్డన్ వీనాట్ పేరును చెట్లెక్కువారిలో నుండి తొలగించుట గురించి.

1. సదరు సంస్థ అనగా మేమిద్దరమే. ఆయన పైన, నేను కింద. చెట్టెక్కి కొమ్మలు కోయుట ఆయన వంతు. తాళ్లు ఉతికి నీడన ఆరబెట్టుట, రంపాల పళ్లకు ఆకురాయి పట్టుట, కొమ్మలను పొట్టు చేసే యంత్రానికి కత్తులు మార్చుట నా వంతు. పెళ్లయిన కొత్తలో ఆయన నాకు ఒకే ఒక్క మాట చెప్పాడు. "సూపులో ఉప్పు మర్చిపోయినా పర్లేదు. తాడు చూడ్డం మాత్రం మర్చిపోకే." ఆనాటి నుండి ప్రతి తాడునూ కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నుండి జరుపుతూ చూస్తున్నాను. ఒక్క పోగు లేచినా నా వేళ్లకు తెలుస్తుంది.

2. వచ్చే శుక్రవారం తమ కార్యాలయం వారు మా సామగ్రిని తనిఖీ చేయుటకు వచ్చుచున్నారు. దానిలో మేము నెగ్గుతాము. నా ఇబ్బంది అదే. తమ పత్రములో తాళ్లకు గడి ఉన్నది, కొక్కేలకు ఉన్నది, తలటోపీకి సైతం ఉన్నది. ఎక్కే మనిషి చేతులకు గడి లేదు.

3. గత చలికాలం నుండి ఆయన వేళ్లు చల్లగాలి తగిలితే కొవ్వొత్తుల్లా తెల్లబడుచున్నవి. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. ఒకనాడు పొయ్యి మీద కాగుతున్న పాత్రను ఒట్టి చేత్తో పట్టుకుని, చర్మం కాలిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. నేను కేక పెడితే గాని వదలలేదు. బ్రిడ్జ్‌వాటర్ ఊళ్లోని డాక్టరు గారు సూదితో పొడిచి చూసి, ఇన్నేళ్లు రంపం అదురుకు నరాలు చచ్చిపోయాయని, ఇక రంపం ముట్టవద్దని, చెట్టెక్కడం అసలే వద్దని చెప్పినారు.

"డాక్టరు గారూ, మీరెప్పుడైనా చెట్టెక్కారా?" అన్నాడు మా ఆయన.

"లేదు."

"మరి నేను మీకు సూదులెలా పొడవాలో చెప్పానా?"

ఇంటికి వచ్చే దారంతా ఆ మాట తలచుకుని తనలో తానే నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

4. సెప్టెంబరులో శ్రీమతి జింక్ గారి పెరటిలోని మేపుల్ చెట్టు మీద జరిగినది తమకు తప్పక విన్నవించవలసి ఉన్నది. ఆయన పైకొమ్మ చేరి, నడుము పట్టీ కొక్కేన్ని తాడుకు తగిలించి, వెనక్కు వాలబోతున్నాడు. కొక్కెం మూత పడినప్పుడు టక్కుమని వేలికి తెలుస్తుంది. ఆయనకు తెలియదు కనుక పడిందనుకున్నాడు. చొక్కా అంచు మూతలో ఇరుక్కుని అది తెరుచుకునే ఉన్నది. నేను కింద నుండి చూశాను.

"ఎల్డన్! వాలకు! కొక్కెం! కొక్కెం చూడు!"

ఆయన కొమ్మను వాటేసుకున్నాడు. చొక్కా అంచు లాగి, కళ్లతో చూసుకుని కొక్కెం మూత వేశాడు. తరువాత మెల్లగా కిందికి దిగి, నా వైపు చూడకుండా, "గొంతు బానే ఉందే నీకు. చర్చిలో పాడమంటే మాత్రం దగ్గొస్తుంది" అన్నాడు. శ్రీమతి జింక్ గారు ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చినారు. ఆయన కప్పు ఎత్తలేదు. పట్టు జారితే నేను చూస్తానని.

5. ఆ సాయంత్రం నేను అడగవలసిన మాట అడిగాను.

"ఇంక చాలు ఎల్డన్. కిందుండి పని చూడు. ఎక్కడానికి ఇంకొకర్ని పెట్టుకుందాం."

"కిందుండి ఏం చెయ్యను? నువ్వు యంత్రం నడుపుతుంటే పుల్లలేరనా?"

"ఏరితే తప్పేంటి? నేనేరలేదా ఇన్నాళ్లూ?"

"నువ్వు వేరు, మార్లీన్. మా నాన్న నన్ను చెట్టు మీదే పెంచాడు. కింద నాకు నడవడం కూడా సరిగ్గా రాదు."



6. కావున మొదట నా ప్రయత్నం నేను చేసితిని. రంపం చెడిపోయిందని అబద్ధమాడితిని. ఆయన పక్కింటి రంపం అడిగి తెచ్చుకున్నాడు. యంత్రం కత్తులకు సాన పట్టకుండా వదిలితిని. మొద్దుబారాయని తానే పట్టుకున్నాడు, చూపుడువేలు చీరుకుపోయింది, రక్తం బూటు మీద పడేదాకా తెలియలేదు. చివరకు, అయ్యా, నేను చేయరాని పని చేసితిని. కొట్టములోనికి పోయి, వసంతంలో కొన్న కొత్త తాడును, నా చేతులతో ఉతికి ఆరబెట్టిన తాడును, కత్తితో సగం దాకా కోసితిని. తనిఖీలో అది తప్పితే ఈ ఏటికి గండం గడుస్తుందని నా ఆశ.

మర్నాడు ఆయన దానిని చూశాడు. నిచ్చెన వేసుకుని అటక మీద నుండి వాళ్ల నాన్నగారి కాలపు తాడు దించుకున్నాడు. ఎండకు బిగుసుకుపోయిన తాడు అది, కుక్కను కట్టడానికైనా నేను వాడను. "ఇది చాల్లే, స్కూలు దారి చెట్లకి" అన్నాడు. ఆయనను కిందికి దించుదామనుకున్నదానను, ఇంకా చెడ్డ తాడు చేతికిచ్చి పైకి పంపినదాననైతిని. నా దగ్గరున్న డబ్బుతో అటువంటిదే కొత్త తాడు మళ్లీ తెచ్చి పెట్టి, కోసినదానిని, అటక మీది దానిని రెండింటినీ పొయ్యిలో వేసితిని. ఇప్పుడు మా సామగ్రిలో ఏ లోపమూ లేదు.

7. స్కూలు దారి పొడవునా పురుగు పట్టి ఎండిపోయిన యాష్ చెట్లను మంచు పడకముందే తీయవలెనని తమరు మాకు పని ఇచ్చియున్నారు. ఎండిన యాష్ చెట్టు చెప్పి విరగదు. ఎక్కినవాడు కొమ్మ లోపలి చప్పుడును చేతితో వినవలెను. నా భర్త చేతులకు ఇప్పుడు వినికిడి లేదు.

8. కావున తమరు దయతలచి ఆయన పేరును తొలగించవలెను. కారణము తమ ఇష్టము. వృద్ధులు ఎక్కరాదని కొత్త నియమం వచ్చినదనండి. పై కార్యాలయం ఉత్తర్వు అనండి. నా పేరు మాత్రం చెప్పవద్దు. తమను తిట్టుకుంటాడు. తమరు భరించగలరు. నన్ను తిట్టుకుంటే ఆ ఇంట్లో నేను ఉండాలి కదా.

9. ఎక్కుటకు వేరొకరిని తమరే చూపినచో, కింది పని, యంత్రములు, తాళ్లు యథాప్రకారం మేము చూచుకొనగలవారము.

ఇది ఒక భార్య గోడుగా కాక, తాళ్లు చూచే మనిషి ఇచ్చిన తనిఖీ నివేదికగా చిత్తగించి, శుక్రవారం లోపల ఉత్తర్వులు దయచేయవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
మార్లీన్ వీనాట్

తా.క.: అయ్యా, కవరు అంటించబోతుండగా ఆయన వంటింట్లోకి వచ్చాడు. "ఎవరికే అంత పొడుగు ఉత్తరం?" అన్నాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది గాని, ఈ నెలలో ఆడిన అబద్ధాలే చాలుననిపించింది. కూర్చోబెట్టి మొదటి నుండి చదివి వినిపించాను. తాడు కోసిన దగ్గర లేచి కిటికీ దగ్గరకు పోయాడు. పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి విన్నాడు.

"తాడు నువ్వే కోశావని నాకు తెలుసులే. ఎలక కొరికితే అంత తిన్నగా ఉండదు" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగితే ఎందుకు కోశావో చెప్తావు కదా. అది వినలేక."

తరువాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "వృద్ధులు అని రాశావు చూడు, అది కొట్టెయ్" అన్నాడు. కొట్టనన్నాను. "సరే. అయితే ఇంకో మాట రాయి. స్కూలు గేటు పక్క చెట్టు పంగ పైన బోలు. ఎక్కేవాడెవడైనా సరే, అక్కడ తాడు కట్టొద్దని చెప్పమను. పైకి గట్టిగానే కనిపిస్తుంది, మోసం."

అందుచేత ఎనిమిదో అంశంలో నా పేరు దాచమన్నది రద్దు. నిజమే చెప్పండి. కింద ఉన్న రెండో సంతకం నా భర్తది. నేను చెయ్యి పట్టుకుంటానంటే వద్దన్నాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కుతున్నాడో ఆయనకు తెలియలేదు. కాగితం అక్కడ చిరిగినందుకు మన్నించండి.

ఎల్డన్ వీనాట్