పదో గంట

మే 11, 2025
రేపు డెమో. ఈ ఎడారి దేశంలో ఎండలో పనిచేసేవాళ్ల చేతికి కట్టే బ్యాండ్ ఇది. ఒళ్లు మరీ వేడెక్కితే మోగాలి. నిమిషానికో రీడింగ్ లిస్టులో చేరుతుంది, పాతవాటిని నా లూప్ తీసేస్తుంది. పొద్దుటి నుంచి ఆ లూప్‌లోనే క్రాష్. ఎందుకో దొరకలేదు. వాటి మెమరీని ఫ్రీ చేసే లైను తీసేస్తే క్రాష్ ఆగింది. తీసేసిన రీడింగుల మెమరీ ఇక వెనక్కి రాదు. అయినా ఎనిమిది గంటల డ్యూటీకి సరిపోతుంది. తర్వాత చూద్దాం.

మే 12
డెమో సూపర్ హిట్. అస్కర్‌లో బిల్డింగులు కట్టే కంపెనీ ఆర్డర్ ఇచ్చింది, ఈ వారమే బ్యాండ్లు కడతారు. మేనేజర్ శ్రీనివాసరాజు గారు భుజం తట్టారు.

మే 27, సాయంత్రం 6
మధ్యాహ్నం మూడున్నరకి అస్కర్ సైట్లో వెంకటి పడిపోయాడు. మా జగిత్యాల మనిషే. సెలైన్ ఎక్కించారు, ప్రాణానికి భయం లేదట. బ్యాండ్ ఎందుకు మోగలేదని ఆ సైట్ సేఫ్టీ ఆఫీసర్ అబూబకర్ భాయ్ ఫోన్ చేశాడు. తీసేసి ఉంటాడు భాయ్ అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. అదే మెయిల్లో పెట్టమన్నాడు. పెట్టాను.

మే 28
లాగ్ తెప్పించి చూశాను. బ్యాండ్ చేతికే ఉంది. తెల్లవారి ఐదింటికి డ్యూటీ ఎక్కాడు. డ్యూటీ పదో గంటకు మెమరీ నిండిపోయింది. కొత్త రీడింగుకి చోటు అడిగితే మాలాక్ నల్ ఇచ్చింది, అంటే చోటు లేదని. అది నేను చెక్ చేయలేదు. కొత్త రీడింగే లేనప్పుడు ఏం చూసి మోగుతుంది?

ఓవర్‌టైం. జింజ్‌లో మా ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఎనిమిది గంటలని లెక్కేశాను. ఆ లేబర్ క్యాంపులో ఎనిమిది గంటలకే దిగేవాడు ఎవడు? మా ఊళ్లో సగం ఇళ్లు ఓవర్‌టైం మీదే నడుస్తాయని నాకు తెలియదా! సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

క్రాష్ సంగతి పది నిమిషాల్లో దొరికింది. పాత రీడింగున్న నోడ్‌ని ఫ్రీ చేసేసి, తర్వాతి నోడ్ ఎక్కడుందో దాంట్లోనే వెతుకుతున్నాను. ఆ తర్వాతి నోడ్ అడ్రసుని ముందే దాచుకుంటే చాలు. రెండు లైన్లు.

మే 29
బ్యాండ్ తీసి రూలు తప్పాడని వెంకటిని పనిలోంచి తీసేసి ఊరికి పంపేస్తున్నారు. క్యాంపుకి వెళ్లాను. పిల్లల మీద ఒట్టు, అన్నా, నేను బ్యాండు తియ్యనే తియ్యలే అన్నాడు. చాయ్ పోస్తే తాగి వచ్చేశాను.

జూన్ 1
అబూబకర్ భాయ్‌కి మెయిల్లో అంతా రాసి, పంపేముందు శ్రీనివాసరాజు గారికి చూపించాను. తప్పు మాదని ఒప్పుకుంటే ఆర్డర్ పోద్దయ్యా, నువ్వూ నేనూ బ్యాగులు సర్దుకోవాలి అన్నారు. ఆయనే దిద్దారు. బ్యాండ్లు అప్‌డేట్ చేశాం, మొదటి తప్పు కాబట్టి ఆ మనిషిని క్షమించి ఉంచుకోండి, అని. మొదటి తప్పు! కింద నా పేరు. సెండ్ నేనే నొక్కాను.

జూన్ 3
వెంకటి ఫోన్ చేశాడు. డ్యూటీలోకి తీసుకున్నారట. మనోడని కాపాడినవ్, అన్నా, తప్పయింది, ఇంకోపారి బ్యాండు తియ్య అన్నాడు.

సరే అన్నాను.