ముందు అన్నం పెట్టు

అక్టోబరు 27, ఆదివారం

చిక్కుడుగింజా. యున్సుల్ నా కడుపులో ఉన్నప్పుడు దానికి పెట్టుకున్న పేరు ఇది. పిలిస్తే పలికేవాళ్ళు లేరు కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను.

ఈరోజు ఆరాధనలో సంఘపెద్ద కీ గారు ప్రార్థన చేశారు. ప్రభువు దినాన్ని లెక్కచేయక బండెక్కిపోయిన మా బిడ్డ యున్సుల్ గతి చూసైనా యౌవనస్థులు బుద్ధి తెచ్చుకోవాలి తండ్రీ అన్నారు, మైకులో. మందిరమంతా ఆమెన్ అంది. నేను కింద వంటింట్లో సంఘం భోజనానికి ముల్లంగి తరుగుతున్నాను. గోడకున్న స్పీకర్లో విన్నాను. కత్తి ఆగిపోయింది.

వచ్చే నెలకి ఏడాది. ఆ ఆదివారం పొద్దున ఎవరింటికో వేడి చారు డెలివరీకి తీసుకెళ్తూ మలుపులో లారీ కింద పడింది నా కూతురు. ఆదివారం ఆర్డర్లు ఎక్కువ. అందుకే వెళ్ళింది. దేవుడి మీద పంతంతో కాదు.

మధ్యాహ్నం పెద్దల మీటింగు. ముల్లంగి చారు చప్పగా ఉందని కీ గారు ఫోన్ తీసి వేయించిన కోడి ఆర్డర్ పెట్టారు. తెచ్చినాయనది నెరిసిన గడ్డం. హెల్మెట్ తీయకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. వేడి బార్లీ నీళ్ళు ఇస్తే ఒక్క గుక్కలో తాగాడు. ఆయన గతి గురించి మైకులో ఎవరూ ఏమీ అనలేదు. కోడి వేడిగానే ఉందట.

అక్టోబరు 29

తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్ళలేదు. మెలకువగానే ఉన్నాను.

నవంబరు 2, శనివారం

పాస్టర్ మెంగ్ ఇంటికొచ్చారు. చిన్నవాడు. జర్మనీలో చదివొచ్చాడు. బూట్లు విప్పి బుద్ధిగా సర్దిపెట్టి లోపలికొస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి నిద్రపోదును.

పన్నెండున యున్సుల్ జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే పెడతారట. ఒక్క మాట ముందే చెప్పాలన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఫోటో ముందు అన్నం పెట్టకూడదు. పోయినవాళ్ళు తినడానికన్నట్టు అన్నంలో చెంచా అసలే గుచ్చకూడదు. అలా చేస్తే అది తద్దినం అయిపోతుంది, విగ్రహారాధన అయిపోతుంది. కూడిక అయ్యాక బతికున్నవాళ్ళం తినొచ్చు. చనిపోయినవాళ్ళు తినరు అమ్మగారూ అన్నారు, పసిపిల్లకి చెప్పినట్టు మెల్లగా.

ఆ సంగతి నాకు తెలియదా? ఏడాదిగా దాని గిన్నె కడిగే పనే లేదు నాకు.

లేచేముందు ఇంకోటి చెప్పారు. తోటలో మంచి పువ్వునే యజమాని ముందు కోసుకుంటాడట. కోసుకుంటే కోసుకున్నాడు. లారీతోనా కోసేది? పువ్వులన్నీ చేసింది ఆయనే కదా, ఆయనకేం తక్కువ? నాకున్నది ఒక్కటి. ఇవేవీ పైకి అనలేదు. బేరిపండు కోసి పెట్టాను. తిని, చాలా తియ్యగా ఉందన్నారు.

నవంబరు 5

కూడబలుక్కుంటూ చదివేదాన్ని నేను. వేలు పెట్టి, ఒక్కో మాట. ఈరోజు సువార్త అంతా తిండి కోసం వెతికాను.

ఎన్ని చోట్ల ఉందో. చచ్చిపోయిన పన్నెండేళ్ళ పిల్లని ప్రభువు లేపాడు. చుట్టూ అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆయన మాత్రం పిల్లకి ఏదైనా తినడానికి పెట్టండి అన్నాడు. ప్రసంగం చేయలేదు. విశ్రాంతి దినం పాటించావా అని ఆ పిల్లని అడగలేదు. ఆయన శిష్యులు ఆకలేసి విశ్రాంతి దినాన చేలో కంకులు తుంచుకుంటే, పట్టుకుని నిలదీసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళందరికీ నాకు కీ గారి ముఖమే కనబడింది.

ఆయన కూడా చనిపోయి లేచి వచ్చాడు. శిష్యులు దయ్యమనుకుని వణికారు. ఆయన తినడానికేమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇచ్చారు. తిన్నాడు.

చేప. యున్సుల్‌కీ అదే కావాలి. గుమ్మంలో బూట్లు విప్పుతూనే, అమ్మా చేప కాల్చావా, వాసన లిఫ్ట్ దాకా వచ్చింది అనేది.

నవంబరు 10, ఆదివారం

పొద్దున కీ గారు వంటింట్లోకి తొంగిచూసి, ఇవాళైనా చారులో కాస్త కారం తగలనివ్వండి సహోదరీ అన్నారు నవ్వుతూ. ఆదివారం పని చేస్తే పాపమా పెద్దయ్యా అని అడిగాను. పాపమే అన్నారు. మరి నేను ఇన్నేళ్ళుగా ఈ పొయ్యి ముందు చేస్తున్నదేమిటి అన్నాను. అది సేవ అన్నారు. మరి మీకు కోడి తెచ్చినాయన చేసిందో అన్నాను. ఆయన ముఖం మిరపపొడి రంగుకి తిరిగింది. దుఃఖంలో ఉన్నావు, ఏం మాట్లాడుతున్నావో నీకే తెలియడం లేదు అన్నారు. అవును పెద్దయ్యా, దుఃఖంలోనే ఉన్నాను, చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి, మీ స్పీకరూ బాగానే పనిచేస్తోంది అన్నాను.

ఏప్రన్ విప్పి గంటె మీద పెట్టాను. ఇవాళ నేను కూడా ప్రభువు దినం పాటిస్తానని చెప్పి పైకెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాను. నాతో వంట చేసే చున్‌దొక్ అక్క గ్యాస్ కట్టేసి నా వెనకే వచ్చింది. నా చెవిలో, యున్సుల్ వాళ్ళమ్మా, ఈ కుర్చీలు ఇంత మెత్తగా ఉంటాయని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదు చూశావా అంది. ప్రసంగం మధ్యలో నవ్వొచ్చింది. ఏడాదికి వచ్చిన నవ్వు.

కింద బియ్యం నానుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి మందిరం ముందు డెలివరీ బళ్ళు వరసకట్టాయి.

నవంబరు 12, మంగళవారం

పెట్టాను.

ఫోటో ముందు పీట వేసి, గిన్నెలో అన్నం గోపురంలా పెట్టాను. సముద్రపు నాచు చారు, కిమ్చీ పచ్చడి, నిప్పుల మీద కాల్చిన కానాగంత చేప. చెంచా గుచ్చలేదు, పక్కన పెట్టాను. అది ఎప్పుడూ పక్కనే పెట్టుకునేది.

కీ గారు గుమ్మంలోంచే చూశారు. బూట్లు విప్పలేదు. ఇది సాతాను బల్ల అని వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయారు. పాస్టరుగారు మాత్రం అక్కడే నిలబడ్డారు. నేను చెప్పాను. దీనికి మొక్కడం లేదు బాబూ, దీన్ని వరాలు అడగడం లేదు, ఇది ఎప్పుడు వచ్చినా ఆకలితోనే వచ్చేది, నేను తల్లిని, నాకు తెలిసింది ఇదొక్కటే. మీ ప్రభువు లేచి వచ్చి అడిగింది కూడా చేపే కదా అన్నాను.

పాస్టరుగారు బూట్లు విప్పి, సర్దిపెట్టి, కూర్చున్నారు. పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర ఆగిపోయారు. చున్‌దొక్ అక్క అందుకుంది.

తరవాత ప్రసంగం. మళ్ళీ పువ్వు, మళ్ళీ తోట. ఇన్ని చదువులు చదివి ఈ ఒక్క పువ్వేనా వీళ్ళ దగ్గర ఉన్నది అనుకున్నాను.

కూడిక అయ్యాక భోజనం వడ్డిస్తుంటే, ఆ పీట మీది చేప నేను తినొచ్చా అమ్మగారూ అని పాస్టరుగారు అడిగారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. పళ్ళెం ఇచ్చాను. ముళ్ళు తీయడం రాదు ఆయనకి. నేనే తీసి పెట్టాను. చల్లారిన అన్నంతోనే తిన్నారు, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

కోపం తగ్గలేదు. ఏడాది తరవాత దాని గిన్నె కడిగాను.

నవంబరు 13

చీకటుండగానే ప్రార్థనకి వెళ్ళాను. ఏమీ అడగలేదు. ఒక్క మాట చెప్పి వచ్చాను. అది నీ గుమ్మంలోకి వచ్చి ఏడాదైంది. ఏ రోజు పని చేసింది, ఏ రోజు చేయలేదు, అవన్నీ తరవాత. ముందు అన్నం పెట్టు.

ఈ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ఎవరైనా సరే, వేళకి, వేడిగా, కడుపునిండా తినండి.