హైమవతి అని మేము పిలిచే మనిషికి

టెక్కలి కాపురస్తుడు, తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసి విరమించిన దూసి నాగభూషణం అను నేను, గుండె జబ్బు చేసినా బుద్ధి చెడలేదు గనుక, ఒకరు చెప్పగా కాక నా ఇష్టం కొద్దీ వ్రాసుకుంటున్న మరణశాసనం ఇది.

1. టెక్కలిలో నేను కట్టుకున్న పెంకుటిల్లు, ఉద్దానంలో కొన్న జీడి, కొబ్బరి తోట నా స్వార్జితం. నా తదనంతరం ఈ రెండూ దానవిక్రయాది సర్వహక్కులతో హైమవతికి చెందాలి. 'నా భార్య హైమవతి' అని వ్రాయమన్నారు ప్లీడరు గారు. నేను ఉత్త హైమవతి అనే వ్రాశాను. కారణం చెబుతాను.

1951 వానాకాలంలో ఆమెకు మెదడు జ్వరం వచ్చింది. మిషను ఆసుపత్రి నర్సు నయోమి మా ఇంట్లోనే ఉండి బతికించింది. జ్వరం దిగాక మాట, నడక, వంట అన్నీ తిరిగి వచ్చాయి. మనుషులు మాత్రం రాలేదు. తన పేరు తెలియదు, నేను తెలియను. మా అమ్మాయి చంద్రకళ పలాస నుంచి పరుగున వచ్చి, తానెవరో చెప్పమని ఏడ్చింది. హైమవతి చాలాసేపు చూసి, "ఎవరివో తెలీదమ్మా. ఏడవకు. ముందు కూసో, రైలు దిగి వచ్చినట్టున్నావు, అన్నం తిను" అన్నది. కలిపి ముద్దలు పెట్టింది. ఆ ముద్ద అమ్మదేనని చంద్రకళ ఇప్పటికీ అంటుంది.

మా అక్క లక్ష్మీకాంతమ్మ ఆమెను మందసలోని పుట్టింటికి పంపేయమన్నది. "మొగుడు తెలీదు, మడి తెలీదు. దాన్లో ఇంకేటి మిగిలిందిరా?" అన్నది. నేను హైమవతినే అడిగాను. నువ్వు నా భార్యవని అందరూ అంటారు, ఉంటావో, అన్నల దగ్గరకు వెళతావో నీ ఇష్టం, పెరటిగది నీది, అడగకుండా గుమ్మం దాటను అన్నాను. ఆమె ఆలోచించి, "మీరు మొగుడో కాదో నాకు తెలీదు. మీరంటే బయం మాత్రం లేదు. ఉంటాను" అన్నది.

అక్క అడిగినదానికి జవాబు ఇన్నేళ్లూ నా కళ్లముందే తిరిగింది. భావనపాడు నుంచి ఉప్పుచేపల గంపలతో నడిచి వచ్చే ఆడవాళ్లను పిలిచి మజ్జిగ ఇవ్వడం హైమవతికి ముందునుంచీ ఉన్నదే. అప్పుడు వాకిట నిలబెట్టి ఇచ్చేది. ఇప్పుడు అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంటుంది. జ్వరం తీసుకుపోయింది ఆ దూరాన్నే. మజ్జిగ పోసే మనిషిని తీసుకుపోలేకపోయింది.

పేరు తెలియని మనిషికి ఆస్తి చెల్లదని, దావా వేస్తానని అక్క కొడుకు భావనారాయణ అంటున్నాడు. అందుకని ప్లీడరు గారు నా ఎదుటనే ఆమెను ప్రశ్నించారు. తోట ఎక్కడుందో, ఏ నెలలో జీడిపిక్కలు ఏరుతారో, ఇల్లు తనదైతే ఏం చేస్తుందో అన్నీ సరిగా చెప్పింది. చివరికి నువ్వెవరమ్మా అని అడిగారు.

"హైమవతంటారు, పిలిస్తే పలుకుతాను. పేరూ, ఊరూ, ఎవరి పెళ్లాన్నో, అన్నీ ఈళ్లు సెప్పినవే. సెప్పినవన్నీ తీసేసినా నేనున్నాను గదా బాబూ. నాకు నేను కొత్తగా లేను."

నేను అప్పలనరసింహం గారి కొడుకుననీ, కచేరీ గుమాస్తాననీ చెప్పుకుని బతికినవాణ్ణి. అవి తీసేస్తే నేనేమిటో ఈ వయసులో కూడా చెప్పలేను. ఆమె చెప్పగలదు. అటువంటి మనిషి పక్కన బతికినందుకు గర్వపడుతున్నాను.

2. మా పెళ్లినాటి కాసులపేరు చంద్రకళది. అది నేనిచ్చేది కాదు. జబ్బు తరవాత చూపిస్తే, ఎవరిదో బాగుందని హైమవతే తీసి దాని మెడలో వేసింది. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కూడా చంద్రకళదే.

3. మా అమ్మగారి రాగి పూజాసామాను అక్క లక్ష్మీకాంతమ్మకు. ఎరువు తీసుకువెళ్లి ఎటూ తిరిగి ఇవ్వలేదు, ఇకమీదట అడగనక్కరలేదు. భావనారాయణకు ఏమీ లేదు.

4. నా పడక కుర్చీ నయోమికి. రాత్రింబగళ్లు సేవచేసిన మనిషిని మా వాళ్లు గడప అవతల కూర్చోమంటే, మంచం మీదనుంచి ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నది హైమవతి.

5. నేను పోయాక హైమవతికి విధవ అన్న పేరు తగిలించరాదు. భార్యనన్న జ్ఞాపకమే లేని మనిషిని విధవను చేసే అధికారం మా వంశంలో ఎవరికీ లేదు. ఆచారం ఇదని నేనే ఆమెకు వివరించాను. "మీరు పోతే నాకు దిగులేస్తాది. ఏడుపొచ్చినన్నాళ్లు ఏడుస్తాను. దానికి బొట్టెందుకు సెరపడం?" అని అడిగింది. దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే, వెళ్లి ఆమెకు చెప్పి ఒప్పించుకోవచ్చు. ఆమె ఒప్పుకోకపోతే, ఆమె నుదురు ఆమెది.

చదివించుకుని విని, సమ్మతించి చేవ్రాలు చేశాను.

టెక్కలి, 1957 ఫిబ్రవరి 11.

(చేవ్రాలు) దూసి నాగభూషణం

సాక్షులు:
బడ్డ పాపారావు, వర్తకుడు, టెక్కలి
పి. ఫిలిప్పు, ఉపాధ్యాయుడు, టెక్కలి