నిప్పు లేకుండా మరిగే నీళ్ళు

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్స్,
ఆదివారం.

మాధవీలతకు గిరిబాబు ప్రేమతో రాసేది. ఇక్కడ అందరం కులాసా. అందరం అని అలవాటుకొద్దీ రాశాను. క్వార్టర్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ ద్వీపంలో నీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

ఓడలో వచ్చిన నీ ఉత్తరం పదిహేడు రోజులకు అందింది. నువ్వు పనిచేసే మంచినీటి ప్లాంటు సంగతి అర్థమైందా అని అడిగావు. మూడుసార్లు చదివాక అయింది. సముద్రం పైపైన ఉండే వెచ్చటి నీటిని గాలి లాగేసిన గదిలోకి పంపితే నిప్పు లేకుండానే మరుగుతుందనీ, ఉప్పు ఆవిరి కాని నీటిలోనే ఉండిపోతుందనీ, లోతు నుంచి తోడిన చల్లటి నీరు పారే గొట్టాలకు ఆవిరి తగిలి మంచినీరవుతుందనీ రాశావు. లోకోషెడ్‌లో రమణమూర్తిగారికి చెబితే నమ్మలేదు. పక్క క్వార్టరు అచ్చియమ్మ మాత్రం, "ఏటి బావూ, అయితే మాధవి ఉప్పునీల్లు తాగనక్కర్నేదన్నమాట" అని కుదుటపడింది.

తిండి ఎలా గడుస్తోందని కూడా అడిగావు. డ్యూటీ దిగి వచ్చి వండుకుంటున్నాను. నువ్వు వెళ్ళి ఏడాదైనా చెయ్యి ఇద్దరికి సరిపడా బియ్యమే పోస్తోంది.

ఇక అసలు సంగతి. మే నెలలో సెలవు రద్దయిందని నీతో అబద్ధం చెప్పాను. రద్దు కాలేదు. ద్వీపంలో దిగడానికి నువ్వు పంపిన పర్మిట్ పట్టుకుని రెండు రోజులు రైల్లో కూర్చుని కొచ్చి రేవుకు వెళ్ళాను. ఓడ మెట్లు నాలుగెక్కి కిందికి చూశాను. నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. అంతకుముందు నేనెప్పుడూ సముద్రం చూడలేదు కదా. పాతికేళ్ళుగా ఇంజన్ల కింద దూరి పనిచేసేవాణ్ణి, ఐదో మెట్టు ఎక్కలేకపోయాను. వెనకాలవాళ్ళు విసుక్కుంటుంటే కమ్మీ పట్టుకుని దిగిపోయాను. ఓడ కనుమరుగయ్యేదాకా రేవులోనే కూర్చున్నాను. అక్కణ్ణుంచే నీకు ఫోన్ చేశాను. ఎప్పుడూ అందని ఫోను ఆ రోజు వెంటనే అందింది.

"పోన్లెండి, డ్యూటీ కదా," అన్నావు. గొంతు మామూలుగా ఉంచాలని ఎంత ప్రయాసపడ్డావో నాకు వినబడింది. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు.

డిసెంబరుకు మళ్ళీ సెలవు మంజూరైంది. నువ్వు కొచ్చి దాకా రాగలవా? మెట్లు ముందు నువ్వెక్కు. నీ వీపు చూస్తూ ఎక్కుతాను, కిందికి చూడను. తిట్టాలనుంటే ఓడ కదిలాక తిట్టు.

ఇట్లు,
భయస్థుడైన నీ భర్త,
గిరిబాబు