ఎస్‌ఎంపీఎస్, ఎర్త్ వైరు

జూలై 12, శనివారం

నేనే బిగించుకుంటున్న కంప్యూటర్‌కి భాగాలన్నీ వచ్చాయి, ఎస్‌ఎంపీఎస్ తప్ప. మదర్‌బోర్డుకీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు పంచే డబ్బా అది. క్యాబినెట్‌తో షాపువాడు ఒకటి ఫ్రీగా ఇచ్చాడు. మీద పెద్ద అక్షరాల్లో 500W. చాలదా? ఒకటో తారీఖు నుంచి ఇళ్ల త్రీడీ డ్రాయింగ్స్ చేస్తానని ఒప్పుకున్నాను. నా మొదటి పని. మధ్యలో ఆగిపోతే మళ్లీ పిలవరు.

జూలై 13, ఆదివారం

ఇబ్రహీం మామూ వచ్చాడు. అమ్మీ తమ్ముడు, శామీర్‌పేటలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఫ్రీ డబ్బాను అరచేతిలో ఊపి చూశాడు. "గింత తేలికనా ఫిజా? లోపల రాగి ఉన్నదా, గాలి ఉన్నదా?" అన్నాడు.

పక్కనున్న లేబుల్ ఇద్దరం చదివాం. కార్డూ ప్రాసెసరూ తినేది 12 వోల్టుల లైనులోంచే. అక్కడ 16 ఆంప్స్ అని ఉంది. గుణిస్తే 192 వాట్లు! కార్డు ఒక్కటే 170 తింటుంది. మిగతా మూడువందలు ఎక్కడ?

జూలై 15, మంగళవారం

పోనీ, 850 కొంటే? కరెంటు ఎక్కువ లాగుతుందేమో అనుకున్నాను. లాగదట, మామూ చెప్పాడు. లోపలివి ఎంత అడిగితే అంతే. నావన్నీ కలిపితే 310. మంచిదైతే 550 చాలు.

జూలై 16, ఉదయం 7

మామూ వోల్టేజ్ కొలిచే మీటర్ వదిలి వెళ్లాడు. చుట్టూ బోర్లు నడిచే వేళ మా దేవరయాంజాల్‌లో వోల్టేజ్ 182, ఉండాల్సింది 230. ఇంత తక్కువలోనూ నడిచేది చూసి కొనాలన్నమాట.

జూలై 19, శనివారం

550 తెచ్చాను. చెయ్యి లాగేంత బరువు. పెట్టేముందు సాకెట్ చూద్దామన్నాడు మామూ. మీటర్ ఒక వైరు కరెంటు వచ్చే ఫేజ్ రంధ్రంలో, రెండోది ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. రెండువందల పైన చూపాలట. 38, 51, 20 అంటూ ఊగింది. స్విచ్ బోర్డు విప్పాడు. ఎర్త్ వైరే లేదు. లీకైన కరెంటు మనిషికి తగలకుండా నేలలోకి పంపేది అదే. ఏ గదిలోనూ లేదు. ఇల్లు కట్టి పదకొండేళ్లు.

"ఎవడు జేసిండు గీ వైరింగ్?" అన్నాడు మామూ.

వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందని అమ్మీ ఎన్నిసార్లు చెప్పిందో. నరాల బలహీనత అన్నాం. మాత్రలు తెచ్చిచ్చింది నేనే. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

అమ్మీ అరవలేదు. "నేను జెప్తనే ఉన్న గదా" అంది. అంతే.

జూలై 20, ఆదివారం

ఎర్త్ కోసం పెరట్లో గుంత తవ్వాం. పైపు, బొగ్గు, ఉప్పు, నాలుగు బకెట్ల నీళ్లు. అక్కణ్ణుంచి ప్రతి గదికీ పచ్చ ఎర్త్ వైరు. నా చేతుల నిండా బొబ్బలు. అమ్మీ మీటర్ చదవడం నేర్పించమంది. నేర్పాను.

జూలై 22, మంగళవారం

కంప్యూటర్ వెలిగింది. చూపిద్దామంటే అమ్మీ ఇంట్లో లేదు. మీటరూ లేదు. పక్కింటి వంటగదిలోంచి గొంతు: "పార్వతీ, ఫ్రిజ్ జర జరుపు. బోర్డు జూడాలె."